పది ఊళ్ళ హాజరు, ఒక్క పెట్టె

చిత్తూరు జిల్లాను విడగొట్టి తిరుపతిని వేరే జిల్లా చేసిన ఏడాది జూన్‌లో నన్ను చిత్తూరు శాఖ నుంచి తిరుపతి ప్రధాన కార్యాలయానికి బదిలీ చేశారు. హోదా సిస్టమ్స్ మేనేజరు. రిటైరు కావడానికి ఇంకా పదహారు నెలలున్నాయి. ఆ హోదాతో పాటు ఒక గది, ఆ గదిలో చల్లదనం తప్ప చప్పుడు, నీళ్ళు అన్నీ ఇచ్చే ఏసీ, నా కింద ఆరుగురు ఫీల్డు ఇంజనీర్లు వచ్చారు. ఆరుగురూ కాంట్రాక్టు మనుషులు. ఏటా సెప్టెంబరు ఆఖరుకు వాళ్ళ పేర్ల జాబితా కింద నేను సంతకం పెట్టి, ఆపైన జనరల్ మేనేజరు సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటారు. పెట్టకపోతే ఇంటికి పోతారు.

మాది రైతులకూ జాలర్లకూ కలిపి పెట్టిన ఒక సహకార సమాఖ్య. పేరు రాయను. అందులో పనిచేసినవాళ్ళు ఎలాగూ గుర్తుపడతారు, మిగతావాళ్ళకు పేరుతో పనిలేదు. పలమనేరు వైపు టమోటా ఊళ్ళ నుంచి పులికాట్ సరస్సు గట్టు దాకా మాకు అరవై ఒక్క కేంద్రాలుండేవి. ఒక్కో కేంద్రానికి ఒక గది, ఒక కంప్యూటరు, గది మీద రెండు మైకులు. వాతావరణం, విత్తనాల కబుర్లు పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఐదింటికోసారి కంప్యూటరే చదివి వినిపిస్తుంది. గాలివాన హెచ్చరిక వస్తే వేళతో పనిలేకుండా ముందు ఒక పెద్ద మోత మోగించి, తర్వాత విషయం చెబుతుంది. ఆ మోత విని సరస్సులో ఉన్న పడవలు గట్టుకు తిరగాలి. మా సమాఖ్య చేసిన పనుల్లో నిజంగా అవసరమైనది అదొక్కటే.

అరవై ఒక్క ఊళ్ళు తిరిగి కంప్యూటర్లను చేత్తో సవరించడం అయ్యేపని కాదు. అందుకని ప్రధాన కార్యాలయంలో ఒక సర్వరు ఉంటుంది. ఏ కంప్యూటరు ఎలా ఉండాలి, ఎన్నింటికి ఏం వినిపించాలి, గడియారం ఎంత చూపాలి అన్న జాబితాలన్నీ దాని దగ్గర ఉంటాయి. కేంద్రంలోని కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది, దాన్ని క్లయింటు అంటాం. అది అరగంటకోసారి సర్వరును పలకరించి, తన గుర్తింపు పత్రం చూపించి, తన జాబితా తీసుకుంటుంది. తేడా ఉంటే తానే సరిచేసుకుంటుంది. చివర్లో ఏం చేసిందో ఒక చిట్టీ పంపుతుంది. వాడుకలో దీన్ని చెక్-ఇన్ అంటారు గానీ, నేను హాజరు అనేదాన్ని. గంటలోపల హాజరు వేసుకున్న కంప్యూటరుకు మా తెరమీద పచ్చ చుక్క, గంట దాటితే పసుపు, నాలుగు గంటలు దాటితే ఎరుపు. ఆ చుక్కల మీద కన్నేసి ఉంచడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళు కష్టపడి చివరికి బడిపంతులు పనికి వచ్చావే అని మా ఆయన పొద్దున పొద్దునే ఎగతాళి చేసేవాడు.

నిజానికి బడిపంతులు నేను కాదు, మా జీఎం జనార్దన నాయుడు గారు. ఆయనకు కంప్యూటరు గురించి ఏమీ తెలియదు, అది ఆయన తప్పు కాదు. తెలియదని ఆయనకు తెలియకపోవడమే మా ఖర్మ. తన గదిలో గోడంత టీవీ పెట్టించి, మా చుక్కల పటాన్ని అందులో వేయించుకున్నాడు. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ చూపించి, “సూడండి, అరవై ఒక్క ఊళ్ళు నా కళ్ళముందరుండాయి” అనేవాడు. వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ తల ఊపేవాళ్ళు.

ప్రతి సోమవారం పదకొండు గంటలకు ఆ టీవీ ముందు సమీక్ష. ఆ సమీక్షకు ఒక ఆచారముంది. ఎవరి కేంద్రానికి ఎరుపు చుక్క ఉంటే ఆ ఇంజనీరు లేచి నిలబడాలి. అన్ని ఎరుపులకూ సంజాయిషీ అయ్యేదాకా కూర్చోకూడదు. టీ వచ్చినా నిలబడే తాగాలి. ఇది ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు, మానెయ్యమని చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేదు. చిత్తూరులో ఇలాంటి చోద్యం లేదు. మొదటి సోమవారం నలభై ఎనిమిదేళ్ళ మనిషి చేతిలో టీ గ్లాసుతో బెంచీ ఎక్కించిన పిల్లాడిలా నిలబడి ఉంటే నేను బిత్తరపోయాను.

ఆ మనిషి పేరు మునిరత్నం. పులికాట్ గట్టున ఉన్న పది కేంద్రాలూ అతనివి. అంతకుముందు నాయుడుపేటలో టీవీలు రిపేరు చేసేవాడు. జనం పాతవి రిపేరు చేయించడం మానేసి కొత్తవి కొనుక్కోవడం మొదలుపెట్టాక కొట్టు మూసేసి మా దగ్గర చేరాడు. ఈ ఉద్యోగం పోతే ఆ వయసులో ఇంకోటి దొరకదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఉద్యోగం మాత్రం రోజంతా మోటారుసైకిలు మీదే.

అతని పది చుక్కలూ ప్రతి సోమవారం ఎరుపే. వరసగా తొమ్మిది వారాలు నిలబడ్డాడు. “సార్, ఆ గట్టున కరెంటు వచ్చేదే వచ్చినట్టు పోతాది. రవ్వంత గాలి కొడితే నెట్టు ఉండదు” అని ప్రతిసారీ చెప్పేవాడు. బ్యాటరీలు, పొడుగు ఏరియల్ కావాలని మూడుసార్లు రాసిచ్చాడు. నేను మూడుసార్లూ పైకి పంపాను. మూడుసార్లూ ‘ప్రస్తుతం పరిశీలించలేము’ అని తిరిగొచ్చింది. జీఎం మాత్రం, “కారణాలు నాకొద్దయ్యా. నాకు పచ్చగా కనపడాల” అని తేల్చేసేవాడు.

ఇక్కడ నా నిర్వాకం కూడా చెప్పాలి. తొమ్మిదో సోమవారం బయటికొచ్చాక మునిరత్నాన్ని పక్కకు పిలిచి, “ఎట్లైనా చెయ్యప్పా, వచ్చే సోమవారానికి పచ్చ రావాల. ఆయన నోట్లో పడి నేను నలగలేక పోతాండా” అన్నాను. ఎట్లా చెయ్యాలో నేను చెప్పలేదు. నాకు తెలిస్తే కదా.

అతను నా మొహం చూసి, “సరే మేడమ్, సూస్తా” అన్నాడు.

వచ్చే సోమవారానికి పదీ పచ్చ. ఆ పై సోమవారం అరవై ఒకటీ పచ్చ. టీవీ అంతా వరిమడిలా ఉంది. జీఎం ఆనందం పట్టలేక అందరికీ మైసూరుపాకు తెప్పించాడు. మునిరత్నం కూర్చొని తిన్నాడు. ఆగస్టు ఆఖరున ‘అన్ని కేంద్రములు నిర్దేశిత జాబితా ప్రకారము పనిచేయుచున్నవి, నూరు శాతము’ అని ధ్రువపత్రం తయారైంది. దాని కింద నేను సంతకం పెట్టాను. జీఎం దాన్ని ఫ్రేము కట్టించాడు. దేవుడి పటం పక్కన తగిలించబోతే ఆయన పీఏనే వద్దని ఆపింది.

పదిహేను రోజులు నేనూ ఊరేగాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఈ వయసులో వచ్చిన పేరు తియ్యగానే ఉంటుంది.

సెప్టెంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం, పులికాట్ పక్కనే సూళ్ళూరుపేటలో ఉండే మా చెల్లెలు ఫోను చేసింది. “అక్కా, పొద్దున ఏడింటికి పోయిన కరెంటు. లైను మారుస్తాండారంట, సాయంత్రం దాకా రాదంట ఈ తట్టంతా. పప్పు రుబ్బేదానికి లేదు, ఫ్యానుకి లేదు, నీ జతలో మాట్లాడి ఫోను కూడా సచ్చిపోతాది” అంది. దాన్ని ఓదారుస్తూ తెరవైపు చూశాను. సరస్సు గట్టున పది చుక్కలూ నిండుగా పచ్చగా ఉన్నాయి.

అబ్బో, మా బ్యాటరీలు ఎంత గట్టివో అనుకున్నాను ముందు. రెండు నిమిషాలు నిజంగానే మురిసిపోయాను. తర్వాత, ఆ బ్యాటరీలు మేము కొననే లేదని గుర్తొచ్చింది.

చెల్లెలి ఫోను పెట్టేసి, ఆ పదింటి చిట్టీలు తెరిచాను. క్లయింటు పంపే చిట్టీలో అది ఏం చేసిందన్నదే కాదు, ఆ కంప్యూటరు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉంటాయి. ఏ కంపెనీది, మెమరీ ఎంత, డిస్కు వరస సంఖ్య ఏమిటి, ఎప్పటినుంచి ఆపకుండా నడుస్తోంది. అవి ఎవరూ చదవరు. చుక్క పచ్చగా ఉంటే చిట్టీ ఎందుకు చదువుతారు? ఆ రోజు చదివాను. పది ఊళ్ళలోని పది కంప్యూటర్లకూ డిస్కు వరస సంఖ్య ఒక్కటే. పదీ ఒకే రోజు ఒకే నిమిషానికి మొదలై, ఇరవై తొమ్మిది రోజులుగా ఒక్క క్షణం ఆగలేదు. పైగా ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా నిమిషం ఎడంతో హాజరు వేస్తున్నాయి. పల్లెటూరి కంప్యూటర్లకు అంత క్రమశిక్షణ ఉండదు. మాకే లేదు.

నూరు శాతం అని సంతకం పెట్టింది నేనే కదా.

మరునాడు పొద్దున ఎవరికీ చెప్పకుండా ఆఫీసు జీపు వేసుకొని శ్రీకాళహస్తి వెళ్ళాను. పది చిట్టీలూ అక్కడి మా ఉపకార్యాలయం లైను మీదుగా వస్తున్నాయని సర్వరే చెప్పింది. ఆ ఆఫీసులో కరెంటు బాగుంటుంది, ఇన్వర్టరు కూడా ఉంది. వెనక గదిలో పాత బీరువాల మధ్య ఒక బల్ల, బల్ల కింద రంగు సరిగ్గా పట్టక పక్కన పడేసిన కలంకారీ గుడ్డ కప్పిన ఒక పాత కంప్యూటరు. గుడ్డ తీస్తే నెత్తిన వినాయక చవితికి పెట్టిన కుంకుమ బొట్టు, పక్కన ‘దయచేసి ఆపవద్దు’ అని అట్టముక్క. మునిరత్నం అప్పుడే లోపలికొచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

“ఇదేంది మునిరత్నం?”

“పెట్టె మేడమ్.”

“పెట్టెని నాకూ కనపడతాంది. దీంట్లో ఏముండాది?”

“మన పది కేంద్రాలు.”

అతను దాచలేదు, బుకాయించలేదు, కనీసం తల కూడా వంచుకోలేదు. పది కంప్యూటర్ల గుర్తింపు పత్రాలనూ పెన్‌డ్రైవులో తెచ్చి ఈ ఒక్కదాంట్లో పెట్టాడు. అరగంటకోసారి ఇది పది పేర్లు మార్చుకొని, పదిసార్లు సర్వరును పలకరించి, పదిసార్లు ‘ఉన్నాను సార్’ అంటుంది. కాలేజీలో పక్కవాడికి హాజరు పలికే కుర్రాళ్ళు ఒకరిద్దరికి పలుకుతారు. ఈ పెట్టె పదిమందికి పలుకుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో కొంచెం మెచ్చుకోలు కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్ళలో నాకు ఎవరూ ఇంత చక్కగా చెవిలో పువ్వు పెట్టలేదు.

“దీన్ని దొంగ హాజరంటారు. ఇది బయటికొస్తే నీ కాంట్రాక్టు ఈ నెలతో సరి. తెలుసునా?”

“తెలుసు మేడమ్. ఎట్లైనా చెయ్యి అన్నారు గదా. ఎట్లైనా అంటే ఇట్లే. ఇంకెట్ల చేసేది? కరెంటు నేను పుట్టిస్తానా?”

“మరి ఊళ్ళల్లో నిజం కంప్యూటర్లు ఏమైనాయి? అవి బతికుండాయా సచ్చినాయా?”

అప్పుడు అతని మొహం ఎర్రబడింది. దొంగ హాజరు అన్నందుకు రాని కోపం ఈ మాటకు వచ్చింది. “ఎందుకు సస్తాయి మేడమ్? ప్రతి బేస్తవారం బండేసుకొని పదూళ్ళకూ పోతాండా. క్లయింటును ఆపేసి, పెన్‌డ్రైవు పెట్టి, ఏమేం మార్చాల్నో మార్చి, మోత కొట్టించి సూసి వస్తాండా. హాజరు దొంగది గానీ పని దొంగది కాదు. రండి, సూపిస్తా” అన్నాడు.

అదే జీపులో వెళ్ళాం. సరస్సు గట్టున మొదటి కేంద్రం తాళంచెవి కుప్పమ్మ అనే ఆమె దగ్గర ఉంటుంది. రొయ్యలు వేరుచేస్తూ కూర్చున్నది చేతులు కడుక్కొని వచ్చి తలుపు తీసింది. అదృష్టం బాగుండి కరెంటు ఉంది. మునిరత్నం ఒక మీట నొక్కాడు. మైకుల్లోంచి వచ్చిన మోతకు నేను నిజంగానే ఎగిరిపడ్డాను.

ఆ మోత గురించి కొంచెం చెప్పాలి. పాత హెచ్చరిక మోత అచ్చం ఐస్‌బండి మోతలా ఉండేది. గాలివాన వస్తోందని మోగిస్తే పిల్లలు చిల్లర పట్టుకొని పరుగెత్తుకొచ్చేవాళ్ళు, పడవల్లో వాళ్ళు పట్టించుకునేవాళ్ళు కాదు. ఆగస్టు మొదట్లో కొత్త మోత తయారుచేయించి, బాగుందో లేదో వినమని ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ బాగుందన్నాక సర్వరు జాబితాలో చేర్చాను. క్లయింట్లు వచ్చి తీసుకుంటాయి, అరవై ఒక్క ఊళ్ళలో కొత్త మోత ఉంటుంది. అక్కడితో నా పని అయిపోయింది.

“ఇది బాగుండాదమ్మా. ఇది కొడితే నడి నీళ్ళల్లో మా ఇంటాయనకు కూడా ఇనపడతాది” అంది కుప్పమ్మ. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, “మీరు ఈయప్పకు పై ఆఫీసరా? ఈయప్ప మోకాళ్ళు సూడండి, దిగేదానికే పది నిమిషాలు పడతాది. ఒక జీపన్నా ఇయ్యకూడదా మీరు?” అని నిలదీసింది. నేను జీపులోనే వచ్చాను గనక, పొద్దుపోతోందంటూ బయటికి నడిచాను.

ఆ రోజు ఆరు కేంద్రాలు చూశాం. ఆరింట్లోనూ కొత్త మోతే. తిరిగి వస్తూ మునిరత్నాన్ని, సర్వరు నుంచి రాని మోత నీ పెన్‌డ్రైవులోకి ఎలా వచ్చిందని అడిగాను. వాట్సాప్ గ్రూపులోంచి దించుకున్నానన్నాడు. నాకెందుకో ఒక చిన్న అనుమానం పురుగులా తొలిచింది. చిత్తూరు వైపు కేంద్రాలు చూసే లోకనాథానికి దారిలోనే ఫోను చేసి, ఏదైనా కేంద్రంలో హెచ్చరిక మోత ఒకసారి మోగించి ఫోను దగ్గర పెట్టమన్నాను. పావుగంటకు మోగించాడు.

ఐస్‌బండి.

ఇంకో మూడు కేంద్రాలకు చేయించాను. మూడూ ఐస్‌బండ్లే. నాలుగింటి చుక్కలూ పచ్చ. నాలుగింటి హాజరూ నిజం. మునిరత్నం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని అతని భుజాలే చెబుతున్నాయి.

ఆఫీసుకు వచ్చి సర్వరు దినచర్య చిట్టాలు తెరిచాను. తప్పు నాది. కొత్త మోత ఫైలును నా పరీక్ష యంత్రంలో పెట్టుకొని, జాబితాలో దాన్ని చూపించాను. అసలు సర్వరులో పెట్టడం మర్చిపోయాను. నా యంత్రంలో ఫైలు ఉంది గనక పరీక్ష బ్రహ్మాండంగా నెగ్గింది. సర్వరులో లేదు గనక ఏ కేంద్రానికీ కొత్త జాబితా తయారు కాలేదు. జాబితా రాకపోతే క్లయింటు ఏడ్చి గోల చెయ్యదు, తన దగ్గర దాచుకున్న పాత జాబితాను తీసి, దాంతో సరిపోల్చుకొని, ‘అంతా జాబితా ప్రకారమే ఉంది’ అని చిట్టీ పంపుతుంది. అది అబద్ధం కూడా కాదు. ఏ జాబితా అని మనం అడగలేదు. ‘ఫైలు దొరకలేదు’ అన్న అరుపులు మాత్రం ఆరు వారాలుగా సర్వరు చిట్టాల నిండా ఉన్నాయి. తెరమీద పచ్చగా ఉంటే చిట్టాలు చూసేదెవరు?

అలా తేలిన లెక్క ఇది. హాజరు నిజంగా వేసుకున్న యాభై ఒక్క కేంద్రాల్లో ఎక్కడా కొత్త మోత లేదు. హాజరు దొంగదైన పది కేంద్రాల్లో మాత్రమే ఉంది. వానాకాలపు గాలులు ఇంకో నెలలో మొదలవుతాయి.

ఫైలును సర్వరులో పెట్టడానికి నాకు పట్టింది నాలుగు నిమిషాలు. నివేదిక రాయడానికి రెండు రోజులు. మొదటి పేరాలో మునిరత్నం పెట్టె, రెండో పేరాలో అతను చెప్పిన కారణాలు, తిరస్కరించిన బ్యాటరీల కాగితాలు, మూడో పేరాలో నా తప్పు రాసి జీఎంకు ఇచ్చాను. ఆయన మొదటి పేరా చదివి నిప్పులు చెరిగాడు. మూడోది చదివి చల్లబడ్డాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి నెమ్మదిగా మాట్లాడాడు.

“వసుంధరమ్మా, ఆ మునిరత్నం పేరు ఈ ఏడాది జాబితాలోంచి తీసెయ్యండి. మూడో పేరా కూడా తీసెయ్యండి. దిగిపోయే ముందర మీకెందుకు ఈ గోల? మొదటిది ఒకటి సాలు.”

మూడో పేరా తీస్తే మునిరత్నం ఒక్కడే దొంగ. ఉంచితే, పనిచేసిన మనిషిని తీసేసి చెయ్యని మనిషిని ఎందుకు ఉంచుకున్నారని ఎవరైనా అడుగుతారు. ఆ ప్రశ్న ఆయన ఫ్రేము కట్టించిన కాగితం దాకా వస్తుంది. ఇదంతా ఆయనకు నాకంటే ముందే అర్థమైంది. ఈ విషయాల్లో జీఎంలను తక్కువ అంచనా వేయకూడదు.

తీయనని చెప్పాను. అంతటితో ఆగకుండా, ఆరు పేర్లుంటేనే కాంట్రాక్టు జాబితా మీద సంతకం పెడతాననీ, ఐదు పేర్ల కాగితం వస్తే నా పెన్ను కదలదనీ, సంతకం లేకపోతే అక్టోబరు ఒకటి నుంచి అరవై ఒక్క కేంద్రాలకూ మనుషులే ఉండరనీ చెప్పాను. ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. రిటైరయ్యేవాళ్ళకు ఇలాంటి మాటలు చాలా చవక.

ఆరు పేర్ల జాబితా మీద సంతకం పెట్టి, నివేదికతో కలిపి ఫైలు పంపాను. వారం గడిచినా అది తిరిగి రాలేదు. ఆ నెల ఆఖరి బుధవారం పొద్దున మునిరత్నం తిరుపతి వచ్చాడు. గుర్తింపు కార్డు, కేంద్రాల తాళాలు, పెన్‌డ్రైవు ఒక కవరులో పెట్టుకొని వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఎవరు పలకరించినా, “అప్పజెప్పేదానికి వచ్చినా” అంటున్నాడు. నేను రెండుసార్లు బయటికి వెళ్ళి, రెండుసార్లూ అతని మొహం చూడలేక వెనక్కి వచ్చాను. ఎట్లైనా చెయ్యి అన్న నోరు నాది. కూర్చున్నది అతను.

మధ్యాహ్నం మూడింటికి ఫైలు వచ్చింది. ముందు కాంట్రాక్టు జాబితా తీశాను. ఆరు పేర్లు, జీఎం సంతకం. తర్వాత నా నివేదిక. మూడు పేరాల మీదా అడ్డంగా ఒక గీత. కింద రెండు వాక్యాలు: ‘సాంకేతిక కారణముల వలన కొన్ని కేంద్రములలో తేడాలు కలిగినవి, సరిచేయబడినవి. ఫైలు మూసివేయడమైనది.’

నేను దాదాపు పరుగున వరండాలోకి వెళ్ళి చెప్పాను. మునిరత్నం కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు.

“తప్పు నాదని రాసినారా మేడమ్?”

“లేదు.”

“మీదని?”

“లేదు. ఎవరిదీ కాదంట.”

“మరి బ్యాటరీలు?”

ఎవరి తప్పూ కానప్పుడు, ఏ కారణమూ లేనప్పుడు, బ్యాటరీలు ఎందుకిస్తారు? రెండో పేరా కూడా ఆ గీత కిందే పోయింది. అతని ఉద్యోగం నిలబెట్టానని నేను పొంగిపోతున్నాను. అతను ఆ పది ఊళ్ళ గురించి అడుగుతున్నాడు. సిగ్గుపడ్డాను.

“సర్లే మేడమ్, రేపు బేస్తవారం గదా” అని కవరులోంచి పెన్‌డ్రైవు తీసి జేబులో వేసుకొని, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయాడు.

శ్రీకాళహస్తి పెట్టెను ఆ వారమే ఆపించి, పది గుర్తింపు పత్రాలనూ రద్దుచేసి కొత్తవి ఇచ్చాను. మిగిలిన సర్వీసులో నేను చేసిన పని చుక్కల పటాన్ని మార్చడం. పచ్చ రంగు హాజరు వేసుకున్న ప్రతిదానికీ కాకుండా, కొత్త జాబితా తీసుకొని అమలుచేసిన కంప్యూటరుకే ఇచ్చాను. వచ్చి ఊరికే పోయినదానికి బూడిదరంగు. సర్వరు జాబితా తయారుచేయలేకపోతే చుక్కలన్నీ వదిలేసి పటం పైన నా పేరే ఎర్రగా వచ్చేట్టు పెట్టాను. ఒకే డిస్కు సంఖ్యతో రెండు కేంద్రాల హాజరు వస్తే గంట మోగుతుంది. సరస్సు గట్టు పదింటికీ నీలం వేసి, మునిరత్నం చేత్తో సవరించిన తేదీ పక్కన చూపించాను. మనిషి వెళ్ళి చేసినదాన్ని యంత్రం లెక్కలో వేయకూడదని ఏ పుస్తకంలోనూ లేదు.

కొత్త పటం పెట్టిన రోజు జీఎం టీవీ చూసి హడలిపోయాడు. “ఈ బూడిద ఏందమ్మా, కాడు మాదిరుండాది!” అన్నాడు. నెల తర్వాత ఆ టీవీలో వార్తలు పెట్టుకున్నాడు. సోమవారం సమీక్షకు చూపించడానికి ఏమీ లేక, నిలబడటం దానంతటదే పోయింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది కొంచెమే. యంత్రం వచ్చిందా అని అడిగితే వచ్చానంటుంది, ఏం చేశావని విడిగా అడగాలి. జవాబు నచ్చనప్పుడు మనిషిని నిలబెడితే, అతను సమస్యను కాదు, జవాబును మారుస్తాడు. నా తప్పును పట్టే చోటు నేను తయారుచేసుకోకపోతే, అది పక్కవాడి తప్పు కింద హాయిగా దాక్కుంటుంది. నన్ను కాపాడిన గీతే ఆ పది ఊళ్ళకు రావలసిన బ్యాటరీలను కొట్టేసింది. నేను దిగిపోయేనాటికి కూడా అవి రాలేదు.

దిగిపోయిన రోజు చివరి ధ్రువపత్రం మీద సంతకం పెట్టాను. పచ్చ నలభై నాలుగు, బూడిద ఏడు, చేత్తో పది. నూరు శాతం అని రాయలేదేమని కొత్త మేనేజరు అడిగాడు. నా సర్వీసు మొత్తంలో నమ్మి సంతకం పెట్టిన అంకెలు ఇవేనని చెప్పి, పెన్ను అతనికిచ్చి వచ్చేశాను.